కొండయ్య గారి బోర్డులోంచి ఎవరూ వెళ్ళలేదు

ముమ్మిడివరంలో కొండయ్య గారంటే ముప్పయ్యేళ్ళు టెలిఫోన్ స్తంభాలెక్కిన లైన్‌మన్. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, నా షాపులోనే ఒక పాత కంప్యూటర్ కొనుక్కుని, నా చేతే అందులో ‘బోర్డు’ పెట్టించారు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, అంతే. ఫోన్‌లోంచి అందులోకి వచ్చి ఉత్తరం రాసి పెట్టొచ్చు, మనకొచ్చింది చదువుకోవచ్చు. ఈ రోజుల్లో ఇదెవడిక్కావాలని ఎగతాళి చేశాను. ఓడల మీద పనిచేసేవాళ్ళకు కావాలట. నడిసముద్రంలో ఫోన్ మాట అందదు, ఫొటో దిగదు. అక్షరాలు మాత్రం నెమ్మదిగానైనా చేరతాయి. అలా ఐదేళ్ళలో నలభై కుటుంబాలు చేరాయి. లోవమ్మ గారి భర్త సూరయ్య మస్కట్ వైపు ఓడల్ని లాగే ఒక టగ్గు మీద పని. ఆయన కబురు ఆవిడకు తెలిసేది ఈ బోర్డు మీదే.

పోయిన నెల ఆ కంప్యూటర్‌కు జబ్బు చేసింది. పొద్దున్న ఆపి మళ్ళీ పెడితే బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి ప్రాసెసర్ నూటికి నూరుపాళ్ళూ పనిలో మునిగిపోయి, ఫ్యాను రొదపెట్టి, సాయంత్రానికి మొత్తం బిగుసుకుపోతుంది. సూరయ్యకు నెట్టు అందేది సాయంత్రాలే. ఆరు రోజులుగా కబురు లేక లోవమ్మ గారు వచ్చి కొండయ్య గారి అరుగు మీద కూర్చుంటున్నారు.

అమలాపురంలో నాకు కంప్యూటర్ షాపుంది. ఈ విద్యలో నన్ను మించినవాడు కోనసీమలో లేడని నా నమ్మకం. ఫ్యాను మార్చాను, దుమ్ము దులిపాను, మెమరీ పెంచాను, ప్రోగ్రాము మళ్ళీ ఎక్కించాను. మూడు రోజులు అదే పని. సాయంత్రం చెప్పులేసుకుంటూ “వస్తానండీ బాబాయి గారూ” అనడం, మర్నాడు మళ్ళీ రావడం. ఆఖరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

“దీని పనైపోయిందండీ. బోర్డు మూసేయండి.”

లోవమ్మ గారు నా మొహంలోకి చూశారు. ఆ చూపుకి నాకే సిగ్గేసింది.

కొండయ్య గారు మాత్రం తెర మీద పేర్లు చదువుతున్నారు. ఆ క్షణాన బోర్డు లోపల ఉన్నవాళ్ళ పట్టీ అది. ఇరవై ఆరుగురు.

“ఇదేంటి బాబూ, పాపారావు లోపలున్నాడంటోంది. చెరువు దగ్గర రొయ్యలకి మేతేస్తున్నాడు, ఇందాకే చూసేను.”

అప్పుడు వెలిగింది నాకు. పని అయ్యాక ఆఖరి మీట నొక్కి బయటికి పోవాలి. నొక్కకుండా ఫోన్ మూసేస్తే ఈ పాతకాలపు ప్రోగ్రాముకు మనిషి వెళ్ళిన సంగతి తెలీదు. ‘ఏమైనా చెబుతారా’ అని క్షణానికి వేలసార్లు అడుగుతూనే ఉంటుంది. ఒకరైతే సరే, ఇరవై ఆరుగురిని అడగాలి పాపం.

“జనానికి బుద్ధి లేదండీ. నొక్కమంటే నొక్కరు.”

“ఐదేళ్ళూ నొక్కేరు కదా. ఇప్పుడెందుకు మానేరంటావ్?” అన్నారాయన. “లైను పాడైతే ఎక్స్ఛేంజీలో కూర్చుని వెతక్కూడదు బాబూ. ఆఖరి ఇంటికెళ్ళి ఫోనెత్తి చూడాలి.”

డెబ్భయ్యేళ్ళ మనిషి, ఎండలో సైకిలెక్కారు. వెనక నా బండి. పదకొండు ఇళ్ళు తిరిగాం. ప్రతి ఇంట్లోనూ “ఒకసారి ఉత్తరం రాసి చూపించమ్మా” అని పక్కన కూర్చున్నారు. అందరూ చక్కగా రాశారు. ఆఖరి మీట దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. ఒక నవ్వు నవ్వి, ఫోన్ పక్కన పెట్టేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చి కొండయ్య గారు అరుగు మీదున్న లోవమ్మ గారినే అడిగారు.

“మా ఆయన నీళ్ళ మీదున్నారండి. ‘వెళ్ళిపోతున్నాను’ అని నా చేత్తో ఎలా నొక్కమంటారండీ? ఇంగ్లీషులో ఉన్నన్నాళ్ళూ తెలీక నొక్కేసేనండి.”

ఈ జబ్బుకు కాస్త ముందే ఆ ఇంగ్లీషు మీటలన్నిటినీ తెలుగు చేసింది ఎవరనుకున్నారు? నేనే. మూడు రోజులుగా ఆ గుమ్మంలో నిలబడి ‘వస్తానండీ’ అంటున్నదీ నేనే. మా ఇళ్ళల్లో గడప దాటే మనిషి ‘పోతున్నాను’ అంటే వీపు మీద ఒకటి వేస్తారు. అది తెలిసీ ఆ మాట రాశాను. ఇన్ని ఇళ్ళవాళ్ళు, ఒకరితో ఒకరు అనుకోకుండానే, ఆ మాట నొక్కడానికి చెయ్యి రాక ఊరుకున్నారు. దాన్ని కనిపెట్టింది ప్రోగ్రామంటే ఏంటో తెలియని లైన్‌మన్. ఆయనకి దణ్ణం పెట్టాలనిపించి, పెట్టేశాను కూడా.

ఆ మీట మీద ‘వస్తాను’ అని మార్చాను. చాలాసేపు పలకనివాళ్ళని వదిలెయ్యమని ప్రోగ్రాముకూ నేర్పాను. మర్నాడు సాయంత్రానికి ప్రాసెసర్ నూటికి నాలుగు దగ్గర నిమ్మళంగా ఉంది. సూరయ్య ఉత్తరం వచ్చింది. బాగానే ఉన్నారట, ఇన్నాళ్ళూ బోర్డు తలుపు తడితే తీసినవాళ్ళు లేరట. కింద, మనిషి బయటికి పోగానే బోర్డు తనంతట తానే వేసే వరస ఉంది: సూరయ్య, ఆరుంపావు, వస్తాను.

లోవమ్మ గారు ఉత్తరం ఒకసారి చదివారు. ఆ కింది వరస మాత్రం చూస్తూ ఉండిపోయారు. ఎవరు నొక్కినా అదే పడుతుందండీ అని చెప్పబోయి ఊరుకున్నాను.

“ఓడ పనికని బండెక్కిన రోజు కంగారులో ‘వస్తాను’ అని చెప్పకుండా వెళ్ళిపోయేరండి. ఏడాదిన్నరైంది,” అన్నారావిడ కళ్ళు తుడుచుకుంటూ. “ఇవాళ చెప్పి వెళ్ళేరండీ.”

“ఆయ్,” అని తలూపారు కొండయ్య గారు.