పెద్దమ్మ వేళ్ళు, కొత్త సిస్టమ్

గురజాల కోర్టు దగ్గర మా పెద్దమ్మకి ఒక టైపింగ్ షాపు ఉంది. అర్జీలు, అఫిడవిట్లు, అన్నదమ్ముల పంపకాల కాగితాలు అన్నీ అక్కడే తయారవుతాయి. పెద్దమ్మ పెళ్ళికి ముందే టైపు మిషను మీద తెలుగు నేర్చుకుంది. కంప్యూటరు వచ్చాక, ఆ మిషను మీటల వరసలోనే కొట్టుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి వేయించుకుని ఇన్నేళ్ళూ దాన్నే నమ్ముకుంది. కొట్టేటప్పుడు కీబోర్డు వంక చూడదు. ఎదురుగా కూర్చున్న మనిషి మొహంలోకి చూస్తూ, "పొలం గట్టు తూర్పున ఎవరిది బాబాయ్?" అని అడుగుతూనే కొట్టేస్తుంది.

నేను హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని. సెలవు పెట్టి ఇంట్లో ఫోన్ చూసుకుంటూ పడుకుంటే అమ్మ ఊరుకోలేదు. "పెద్దమ్మ కంప్యూటర్ మొరాయిస్తోందట, ఆ ఫోనేదో అక్కడికెళ్ళి చూసుకో" అని బస్సెక్కించింది.

వెళ్ళి చూస్తే మొరాయించడం కాదు, ఆ సిస్టమ్ ఇంకా లేచి పనిచేయడమే గొప్ప. దానికి అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. వచ్చినవాళ్ళ పెన్ డ్రైవులన్నీ అందులోనే గుచ్చడం వల్ల వైరస్ పట్టింది. బ్రౌజర్ మరీ పాతదై మెయిల్ కూడా తెరుచుకోవడం లేదు. ప్లీడర్లేమో కాగితాలు మెయిల్‌లో పంపమంటున్నారు. పెద్దమ్మ ప్రింటు తీసి, దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పంపుతోంది.

"ఆపరేటింగ్ సిస్టమ్ మార్చాల్సిందే పెద్దమ్మా" అన్నాను.

"మార్చు. నా టైపింగు మాత్రం పోగూడదు. అది పోయిందంటే షాపు మూసుకోవాల్సిందే. ఈ వయసులో నా వేళ్ళకి ఇంకో వరస నేర్పలేనే."

నవ్వుతూనే అంది. కానీ ఆ మాట అంటూ రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కుంది. అది నేను చూశాను.

కోర్టుకి సెలవని ఆదివారం పెట్టుకున్నాం. ఆ పాత కంప్యూటరు కొత్త సిస్టమ్‌ని మోయగలదా లేదా అని ముందే చూసుకుని, నరసరావుపేట నుంచి కొత్త డిస్కు, ర్యామ్ తెప్పించాను. డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ మీదున్నవి విడి డిస్కులోకి కాపీ చేశాను. నాలుగైదు ఫైళ్ళు నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను కూడా. ఇక పాత డిస్కుని తుడిచేసి, కొత్తదాని పక్కనే ఖాళీ జాగాగా వాడుకోవచ్చని నా లెక్క.

"ఏందే చేస్తన్నావు?"

"పాతది తుడిచేస్తున్నా. అన్నీ కాపీ చేశాగా."

"తుడిచెయ్యమాక."

"కాపీ ఉంది పెద్దమ్మా!"

"ఉంటే ఉండనీ." పెద్దమ్మ వాళ్ళకి మాచవరంలో మిరపతోట ఉంది. ఏ మాటైనా చివరికి అక్కడికే వెళ్తుంది. "నాట్లప్పుడు నారుమడి మొత్తం పీకేత్తామా ఏంది? ఓ మూల కొంత ఉంచుతాం. ఏ మొక్క చచ్చిందో నాటినాక గదా తెలిసేది. ఆ సందుల్లో మళ్ళీ పెట్టాలంటే నారు యాడ్నించి తెత్తావు, నీ ఫోన్లోంచా?"

"ఇది మిరపతోట కాదు!" గట్టిగానే అరిచాను.

"నువ్వు మిరపకాయవేగా. సరిపోయింది."

పళ్ళు నూరుకుంటూ పాత డిస్కు విప్పి ఆమె చేతిలో పెట్టాను. తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది.

కొత్త డిస్కులో కొత్త సిస్టమ్ వేశాను. పక్క షాపాయన తన పెన్ డ్రైవులో ఉన్న కాపీ ఇస్తానన్నాడు గానీ వద్దని, తయారుచేసిన కంపెనీ సైటు నుంచే దించుకున్నాను. అప్‌డేట్లన్నీ పూర్తయ్యేదాకా దేన్నీ కదపలేదు. ప్రింటరు పలికింది. మెయిల్ తెరుచుకుంది. ఇక పెద్దమ్మ టైపింగ్ సాఫ్ట్‌వేర్ సీడీ పెట్టాను.

ఈ సిస్టమ్‌లో ఇది నడవదని వచ్చింది. ఎన్ని రకాలుగా వేసినా అదే మాట. తయారుచేసినవాళ్ళని అడుగుదామంటే ఆ కంపెనీయే లేదు.

పెద్దమ్మ నా మొహం చూసింది. "రావట్లేదా?"

సీడీ బయటికి తీసేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"అంత కంగారెందుకే? కాకపోతే బీరువాలోది తీసి బిగించు. రేపు పొద్దున ఎప్పట్లాగే కొట్టుకుంటా. ముందు టీ తాగు."

నిజమే. పాత డిస్కు తిరిగి బిగిస్తే చాలు, నిన్నటి షాపు నిన్నటిలాగే ఉంటుంది. పొద్దుటినుంచి బిగుసుకుపోయిన భుజాలు ఆ మాటకి కాస్త దిగాయి. టీ గ్లాసు పట్టుకుని షాపు మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. ఆ ఫోన్‌ని తిట్టనివాళ్ళు మా ఇంట్లో లేరు, ఆ రోజు మాత్రం అదే దారి చూపించింది. కొత్త సిస్టమ్‌లో నడిచే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ దొరికింది. దాని సెట్టింగుల్లో అడుగున ఎక్కడో, పాత టైపు మిషను వరస కూడా ఉంది.

వేసి, లేచి నిలబడి, కుర్చీ ఆమె వైపు తిప్పాను.

కూర్చుంది. చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, తెర వైపు కాకుండా నా వైపు చూస్తూ ఒక వాక్యం కొట్టింది. నేను తెర చూశాను. 'గౌరవనీయులైన న్యాయమూర్తి గారికి' అని ఉంది.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది పెద్దమ్మా."

అప్పుడు తిరిగి చూసుకుంది. ఒకటి రెండు వత్తులు చోటు మారాయని అలా పెట్టినవాణ్ణి కాసేపు తిట్టింది. తిడుతూనే వాటినీ పట్టేసింది. ఆ తర్వాత అడిగింది, "మరి నా నమూనాలేయే?"

ఏళ్ళ తరబడి తయారుచేసుకున్న అర్జీల నమూనాలు. నేను కాపీ చేసినవాటిలో ఒక్కటీ లేదు. పాత సాఫ్ట్‌వేర్ వాటిని తన సొంత ఫోల్డరులో దాచుకుంటుందట. నేను ఆ వైపే వెళ్ళలేదు.

పెద్దమ్మ లేచి వెళ్ళి బీరువా తాళం తీసింది. పాత డిస్కుని కేబుల్‌తో తగిలించి, ముందు వైరస్ పోగొట్టి, అప్పుడు తెరిచాను. అన్నీ ఉన్నాయి. కొత్త అక్షరాల్లోకి మార్చేసరికి అక్కడక్కడా వత్తులు చెదిరితే, ఆమె పైకి చదువుతుంటే నేను సరిదిద్దాను.

"పెద్దమ్మా, పొద్దున అది తుడిచేసి ఉంటే..."

"తుడవలేదుగా. ఎన్ని మొక్కలు చచ్చినయ్యో చెప్పు, సందులు పూడ్చుకుందాం" అంది.

సోమవారం పొద్దున మొదటి మనిషి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పెద్దమ్మ అతని మొహంలోకి చూస్తూ సరిహద్దులు అడుగుతోంది, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆ వేళ్ళని మాత్రమే వీడియో తీసుకున్నాను.

ఈమధ్య కొత్త ఫోన్ కొన్నాను. ఆ వీడియోని రెండు చోట్ల దాచి, రెండు చోట్లా తెరిచి చూసుకున్నాను. అయినా పాత ఫోన్‌ని ఇంకా తుడవలేదు. మా ఇంట్లో, బీరువాలో, తువ్వాలులో చుట్టి ఉంది.