అరల్లో గీత ఉన్న బండి

బూర్గంపాడులో ఇన్నమ్మ దగ్గర జాకెట్టు కుట్టించుకోవాలంటే చేతిలో కాస్త తీరిక ఉండాలి. కొలతలు అయిదు నిమిషాల్లో తీసుకుంటుంది, ప్రశ్నలకే అరగంట పడుతుంది. ఈ బట్ట ఎక్కడ కొన్నావు, ఆ కొట్టాయన చెయ్యి ఎట్లా విరిగింది, విరిగిన చేత్తో బట్ట ఎట్లా కొలుస్తున్నాడు, అన్నీ కావాలి ఆమెకి. అలాగని చాడీలు మోసే మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. విన్నది కడుపులో దాచుకుంటుంది. తెలుసుకోకపోతే మాత్రం అన్నం సయించదు.

అలాంటి మనిషికి ఇరవై ఆరేళ్ళుగా అంతుపట్టని సంగతి ఒకటుంది. తన మొగుడు వారానికి మూడు రాత్రులు ఎక్కడ పడుకుంటాడు?

మొగుడు తోమాసు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మొదట్లో సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద, వెనక ఇనప పెట్టె కట్టుకుని భద్రాచలం దాటి చర్ల రోడ్డు పొడుగునా సంతలూ గూడేలూ తిరుగుతాడు. మంగళవారం పొద్దున పోతే శుక్రవారం సాయంత్రం ఇల్లు చేరడం. చెప్పులు విడవకముందే ఇన్నమ్మ మొదలుపెట్టేది.

"ఈసారి యాడ పండుకున్నవ్?"

"గూడెం పెద్దోళ్ళింట్ల. నులక మంచం ఏసిండ్రు. దుప్పటిచ్చిండ్రు. పొద్దుగాల వేడినీళ్ళు గూడ కాసిండ్రు."

"కూరేంది?"

"ఇంకేంది, కోడికూర."

ప్రతి వారం కోడికూరే. అన్ని కోళ్ళు తిన్న మనిషికి దవడలు లోపలికి ఎందుకు పోతున్నాయో ఇన్నమ్మకి అర్థమయ్యేది కాదు. నన్నూ ఒకసారి తీసుకుపో, ఆ మంచం చూస్తానంటే, పెట్టె కట్టాక మోపెడ్ మీద నువ్వెక్కడ కూసుంటవే అని నవ్వేసేవాడు.

రెండువేల ఆరు వేసవిలో తోమాసుకి హెర్నియా ఆపరేషన్ అయింది. ఇక పెట్టె ఎత్తొద్దు, గుంతల రోడ్డు మీద మోపెడ్ నడపొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. మిగిలినవి రెండు దారులు. సారపాకలో ఒక గోడౌను దగ్గర వాచ్‌మెన్‌గా స్టూలు మీద కూర్చోవడం, లేదా నాలుగు చక్రాల బండి కొనుక్కోవడం. స్టూలెక్కిన నెలలోనే తోమాసు సగం మనిషి అయిపోతాడని ఇన్నమ్మకి తెలుసు. మిషన్ చక్రం చప్పుడు వినకపోతే ఆయనకి తోచదు. అందుకని ఉన్న ఒక్క ఎకరంలో జామాయిలు చెట్లు కొట్టించి కాగితం మిల్లుకి తోలించింది. వచ్చింది నలభై వేలు. మళ్ళీ ఆ చెట్లు ఎదగాలంటే నాలుగేళ్ళు పడుతుంది. పనికిరాని బండి కొన్నారో, ఆ స్టూలే గతి.

ఊళ్ళో షామియానాలు కిరాయికిచ్చే వెంకటరామారావు దగ్గర పాత మెటడారు వ్యాను ఒకటి ఉందని తెలిసింది. ఒకప్పుడు చర్చివాళ్ళ దవాఖానాలో ఉండేదట. డాక్టరమ్మ అందులోనే అడవి ఊళ్ళు తిరుగుతూ, అందులోనే వండుకుని, అందులోనే పడుకునేదట. దవాఖానా మూతపడ్డాక వేలంలో ఈయన పాడుకున్నాడు. ముప్పై ఎనిమిది వేలకి ఇస్తానన్నాడు.

చూడ్డానికి పోయేసరికే ఇంజను తిరుగుతూ ఉంది. పెళ్ళికి ముందు మిల్లుకి వెదురు తోలే లారీని రెండేళ్ళు నడిపినవాడు కాబట్టి తోమాసు బానెట్ దగ్గర చెవి పెట్టి, కళ్ళు మూసుకుని, సంగీతం విన్నట్టు తల ఊపాడు. మగవాళ్ళిద్దరూ ఇంజను దగ్గర ఉండగా ఇన్నమ్మ వెనక తలుపు తీసి లోపలికెక్కింది.

ఆమెకి కళ్ళు చాల్లేదు. ఒక పక్క గోడకి మడతపడే చెక్కమంచం, దాని కింద సొరుగులు. ఇంకో పక్క కాలితో తొక్కితే నీళ్ళొచ్చే చిన్న సింకు, కిరోసిన్ స్టవ్వు పెట్టుకునే గూడు, వరసగా చెక్క అరలు. కిటికీకి కర్టెన్ తీగ. కింద కొత్త రెక్సిన్ పరిచారు. ఇల్లంటే ఇల్లే! ప్రతి సొరుగూ లాగింది, ప్రతి అరలోనూ తల దూర్చింది. ఒక దాంట్లో పిల్లల కళ్ళద్దాల చట్రం దొరికింది, ఒక కాడ లేదు. ఎవరిదో, ఎందుకు వదిలేసిందో అని కాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది.

అప్పుడే ఆ గీత కనపడింది. అర లోపల, తెల్ల రంగు కింద నుంచి ఉబికినట్టు సన్నని గోధుమరంగు గీత. పక్క అరలో చూసింది, అక్కడా ఉంది, అదే ఎత్తులో. అన్ని అరల్లోనూ తాడు పట్టి గీసినట్టు తన భుజం ఎత్తున ఉంది.

"రావుగారూ, ఈ గీతేందండీ?"

వెంకటరామారావు తొంగిచూశాడు. "అదా, డిజైనమ్మా. వెనకటోళ్ళు బార్డరు ఏసేది."

అర లోపల ఎవరికి కనపడాలని బార్డరు? ఇన్నమ్మ నోటిదాకా వచ్చింది. ఈలోగా తోమాసు ఒకసారి నడిపి చూద్దామన్నాడు. సరే పదమంటూ వెంకటరామారావు ముందు సీట్లో కూర్చుని, "ఇంజన్ మాత్రం బంద్ చెయ్యకు తోమాసూ, డీజిల్ బండి, నడిస్తేనే మంచిది" అన్నాడు. ఇన్నమ్మ వెనక మంచం మీద కూర్చుంది.

బండి గోదావరి బ్రిడ్జి దాటి, భద్రాచలం దాటి చర్ల రోడ్డెక్కింది. ఇరవై ఆరేళ్ళుగా పేర్లు మాత్రమే విన్న ఊళ్ళు ఒక్కొక్కటిగా కిటికీలోంచి పోతుంటే ఇన్నమ్మ చిన్నపిల్లలా ఈ కిటికీకీ ఆ కిటికీకీ తిరిగింది. బండి ఎక్కడా మొరాయించలేదు. తోమాసు ముఖంలో ఇక కొనేద్దామన్న వెలుగు వచ్చేసింది.

తునికి చెట్ల మలుపు తిరిగితే రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని పదిమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అవి భూమి పండగ రోజులు. మగవాళ్ళు అడవికి వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డు మీద పాడుతూ, ఆడుతూ, వచ్చే బండినల్లా ఆపి పండగ డబ్బులు అడుగుతారు.

"ఆపకు! కిటికీల నుంచి చిల్లర ఇసిరేసి పోనీ!" అన్నాడు వెంకటరామారావు కంగారుగా.

తోమాసు అలాంటి పని జన్మలో చెయ్యడు. ఆ గూడేల గంజి తాగి బతికిన మనిషి. బండి ఆపి, తాళం తిప్పి ఇంజను బంద్ చేసి, దిగి, నోటు రెండు చేతులా ఇచ్చాడు. ఆడవాళ్ళు గొల్లున నవ్వి "మిషినన్న!" అన్నారు. బొంగు పక్కకి జరిగింది. తోమాసు ఎక్కి తాళం తిప్పితే టక్కుమంది, అంతే. మళ్ళీ తిప్పితే ఆ టక్కు కూడా లేదు. వెంకటరామారావు రోడ్డు పక్క చెట్లని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

వాళ్ళలో పెద్దామె, పేరు భీమక్క, బండి చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక తలుపు దగ్గరికొచ్చి రేకు మీద అరచేత్తో తట్టింది.

"ఇది డాక్టరమ్మ బండి గదా! ఇంకా బతికున్నదా? వరదకు మునిగిన బండి."

ఇన్నమ్మ గబుక్కున అరలోని గీత వైపు తిరిగింది. ఎనభయ్యారు గోదావరి వరదకి తను కాన్పు కోసం ఏన్కూరులో పుట్టింట్లో ఉంది. తిరిగొచ్చేసరికి బూర్గంపాడు ఇంట్లో గోడల చుట్టూ సరిగ్గా ఇలాంటి గీతే ఉంది. నీళ్ళు నిలిచిన చోటు అది. ఏటా సున్నం వేస్తుంది, ఏటా అది మళ్ళీ పైకొస్తుంది. ఇరవై ఏళ్ళు ఇంట్లో చూస్తున్న గీతని బండిలో గుర్తుపట్టలేకపోయానే అని తనమీద తనకే కోపమొచ్చింది. వంగి రెక్సిన్ అంచు పట్టి చరచరా లాగింది. కింద రేకు తుప్పు పట్టి, ఒక చోట వేలు పెడితే రోడ్డు కనపడింది.

"ఇది మునిగిన బండయ్యా. మన గోడకున్న గీతే ఇది" అంది.

తోమాసు చూశాడు. ముఖంలో వెలుగు ఆరిపోయింది. "వద్దులేవే. నీళ్ళు మింగిన బండిని ఎవరు కొంటరు? ఆ గోడౌనాయనకు రేపే చెప్తా, వస్తున్ననని."

ఇన్నమ్మ మాత్రం భీమక్క వైపు తిరిగింది. అడగాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి.

"అక్కా, మునిగినంక ఏమైంది?"

"మేమే తాళ్ళు కట్టి గుంజినం. బురద మేమే కడిగినం. డాక్టరమ్మ బాగుచేయించింది. ఆ తర్వాత పన్నెండేండ్లు తిరిగింది ఇదే రోడ్డు మీద. నువ్వు మిషినన్న ఇంటామెవా? ఇది కొంటున్నరా? కొను చెల్లె, కొను. మీ ఆయన మా బడి వసారాల పండుకుంటడు. జల్లు కొడితె గోనెపట్టా కప్పుకుని మూలకు ముడుచుకుంటడు. ఇంట్లకి రమ్మంటె రాడు. మీకే జాగ లేదు, నేనెందుకు అడ్డం అంటడు."

ఇన్నమ్మ మొగుడి వైపు చూసింది. తోమాసు వంగి టైరు గాలి చూస్తున్నాడు.

"మరి కోడికూర?" అని మెల్లగా అడిగింది ఇన్నమ్మ.

"కోడెక్కడిది? గంజి పోస్తం, తాగుతడు" అంది భీమక్క.

జీవితంలో మొదటిసారి ఇన్నమ్మ ఇంకో ప్రశ్న అడగలేకపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుని వెంకటరామారావు దగ్గరికి నడిచింది.

"రావుగారూ, మీ డిజైనుకు పది వేలు తగ్గించుండ్రి. దాంతోని కింద రేకు, బ్యాటరీ ఏయించుకుంటం. ఒప్పుకుంటె ఇప్పుడే ఈ అక్కోళ్ళం అందరం కలిసి నూకుతం. లేదంటె మీరొక్కరే నూకుకుంట పోండ్రి."

ఆయన రోడ్డు ఆ చివర చూశాడు, ఈ చివర చూశాడు. ఎండ మాడ్చేస్తోంది, భద్రాచలం ఇరవై కిలోమీటర్లుంది. ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళు పాడుతూ నెట్టారు, ఇన్నమ్మ కూడా చీర ఎగదోపి నెట్టింది. దగ్గి దగ్గి ఇంజను అందుకుంది.

జూలైలో కింద రేకు మార్పించి, తెల్లరంగు మళ్ళీ వేయించి, మొదటి మంగళవారం ఇద్దరూ బయల్దేరారు. అరల్లో గీత మీద మాత్రం రంగు వెయ్యనివ్వలేదు ఆమె. ఇంక దాచుడు వద్దంది. భీమక్క గూడెం చేరేసరికి మధ్యాహ్నం, సన్నగా జల్లు పడుతోంది. బడికి ఆ రోజు తాళం ఉంది. ఇన్నమ్మ బండి దిగి తిన్నగా వసారాలోకి పోయింది. గోడకి ఒక మేకు ఉంది. "సంచి తగిలించేది దీనికేనా?" అని అడిగింది. తోమాసు అవ్ అన్నట్టు తల ఊపాడు.

ఆమె వసారాని ఇటు నుంచి అటు చూసింది. జానలతో వెడల్పు కొలిచింది. చూసినా మనసు తీరలేదు, కొలిచినా తీరలేదు. చెప్పులు విడిచి, ఆ గచ్చు మీద గోడకి తల ఆనించి పడుకుంది. మోకాళ్ళు ముడిస్తే గానీ పట్టలేదు. కాళ్ళు చాపితే రెండు పాదాల మీదా వాన పడింది. అలాగే పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయింది. తోమాసు జల్లులో నిలబడి, తప్పు దొరికిన బడిపిల్లాడిలా చేతులు నలుపుకుంటున్నాడు.

చాలాసేపటికి ఆమె లేచి, తడిసిన పాదాలు కుచ్చిళ్ళతో తుడుచుకుంది.

"బండి లోపటికి పా. స్టవ్వు ముట్టిస్త" అంది. "కోడికూర వండుత."