గ్రౌండ్‌లో నేను అన్నను కాను

వరంగల్‌లో కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌కి ఆడేటప్పుడు నేను ఫార్వర్డ్‌ని. యూనివర్సిటీ స్థాయి దాకా వెళ్లాను. ఆ సర్టిఫికెట్ లామినేషన్ చేయించి ఉంచాను, ఎవరూ అడగకపోయినా చూపిస్తుంటాను. కొన్నాళ్లు ఉద్యోగాలు వెలగబెట్టి, ఇరవై తొమ్మిదో ఏట మళ్లీ విద్యార్థినై కెనడాలోని సార్నియా వచ్చాను. ఆ ఏడు కాలేజీలో ఎటు చూసినా మనవాళ్లే. ఆదివారం లీగ్ కోసం కట్టిన ఫుట్‌బాల్ టీమ్‌లో ఎనిమిది మంది తెలుగు పిల్లలు, అందరూ నాకంటే ఆరేడేళ్లు చిన్న.

మొదటి మ్యాచ్ నుంచే బంతి నా దగ్గరికే వచ్చేది. ఎవరికి దొరికినా తలెత్తి, నేనెక్కడున్నానో వెతికి మరీ ఇచ్చేవాళ్లు. నా ఆట మెచ్చి ఇస్తున్నారని ఉబ్బిపోయాను. సీజన్ సగం అయ్యేసరికి నా గోల్స్ సున్నా.

మా కోచ్ అక్కడివాడే, ఊళ్లోని కెమికల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, టీమ్‌లో అందరికంటే నెమ్మదిగా పరిగెత్తేవాడికే అందరూ బంతి ఎందుకిస్తున్నారని అడిగాడు. పిల్లల్ని అడిగితే, అన్న ఉండగా అన్నకివ్వకుండా మేమెలా కొడతామన్నారు. హాస్టల్లో సీనియర్‌కి ముందు ప్లేటు అందించినట్టు బంతి అందిస్తున్నారన్నమాట. సంగతి విన్న కోచ్, ఇది ఆగకపోతే ఆఖరి మ్యాచ్‌లో నన్ను బయట కూర్చోబెడతానన్నాడు.

నా ఆటకీ అదే ఆఖరి మ్యాచ్. మోకాలు అప్పటికే మొండికేస్తోంది, కోర్సు కూడా అయిపోవస్తోంది. కెనడాలో ఒక్క గోలైనా కొట్టకుండా బూట్లు విప్పేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అందుకే పిల్లల్ని కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను.

"గ్రౌండ్‌లో నేను అన్నను కాను."

"సరే అన్నా" అన్నారు అందరూ.

కోచ్ ఆ మాట నమ్మి ఆఖరి మ్యాచ్‌కి నన్ను దింపాడు, పిల్లలు మాత్రం అలవాటుగా బంతి నాకే ఇచ్చారు. స్కోరు సమానంగా ఉంది, కొద్ది నిమిషాలే మిగిలాయి. మా అద్దె బేస్‌మెంట్‌లోనే నాతోపాటు ఉండే కరీంనగర్ అబ్బాయి బంతితో గోల్ ముందుకు వచ్చాడు. ఎడమ పక్క నేను ఖాళీగా ఉన్నాను. నేను పెట్టిన రూలు నేనే మరిచి, సిగ్గులేకుండా చెయ్యి ఎత్తాను. వాడు నావైపు చూడనట్టే తనే కొట్టేశాడు. గోల్ పడింది. అందరూ వెళ్లి వాడి మీద పడ్డారు. నేనూ పడ్డాను కానీ, లోపల కడుపుమంట మాత్రం నిజం.

ఇప్పుడు విన్నిపెగ్‌లో వేర్‌హౌస్ సూపర్‌వైజర్‌ని. శనివారాలు ఇక్కడి మనవాళ్ల పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. వాళ్లు నన్ను పేరు పెట్టి పిలుస్తారు, బంతి మాత్రం చచ్చినా ఇవ్వరు. వాళ్లకి ఆ మ్యాచ్ కథ చాలాసార్లు చెప్పాను. టీమ్ మొత్తంలో నా మాట విన్నది ఆ కరీంనగర్ అబ్బాయి ఒక్కడేనని గొప్పగా చెబుతాను.

మొన్న అతను ఫోన్ చేసినప్పుడు, ఆ రోజు నేను చెయ్యి ఎత్తడం చూడలేదా అని అడిగాను.

"చూసిన అన్నా. ఇద్దామనే అనుకున్న. నువ్వు మిస్ చేస్తే అందరు నిన్నే అంటరు. నిన్నంటే నేను ఇనలేను" అన్నాడు.

అంటే వాడూ వినలేదు నా మాట.