కండె దొర్లిన దిక్కు

నా చదువు పునాది కాడే ఆగిపోయింది, అందుకే ఇండ్లకు పునాదులేసే మేస్త్రీనయినా. హిందూపురంలో నేనెక్కిన బస్సు పెనుకొండ దాటినాక, పక్కసీట్లో నేతపని చేసే ఒకామె చెప్పింది: బాడుగింటి నేల కుంగిందంట, మగ్గం గుంత వల్లేనని ఇల్లుగలాయన ఖాళీ చేయమన్నాడంట.

"ఇంట్లో గుంత తవ్వితే కుంగక లేస్తాదా అక్కా?" అని నవ్వినా.

ఆమె నవ్వలేదు. సంచిలోంచి దారం చుట్టిన కండె తీసి నా చేతిలో పెట్టింది. "దీన్ని మా ఇంట్లో నేలమీద పెడితే గుంత దిక్కు రాదప్పా. గోడవతల ఆయన కట్టించిన నీళ్ల సంపు కారుతాంది, ఆ దిక్కుకే దొర్లుతాది."

నాకు ఒళ్లు మండింది. ఆ పెద్దమనిషికి సొంత సంపు కనపడదు, ఆమె మగ్గమొకటే కనపడ్తాది. ధర్మవరంలో ఆమె కండె తీసుకోని దిగిపోయింది. నేను ఇంటికొచ్చి ఆయన్ను నోరారా తిట్టినా.

అంతా విని మా ఆడామె అనింది: "మేస్త్రీవి గదా, ఆమె ఎంబడి దిగి ఈ మాట ఆయన మొగానే చెప్పాల్సింది. నా ముందర అరిస్తే ఆమె మగ్గం ఆడ నిలుస్తాదా?"