అనుకున్నాడా, అనిపించిందా

మా బావని అందరూ మాస్టారనే పిలుస్తారు. బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, చొక్కాలు కత్తిరించే మాస్టారు. ఆయన కత్తిరిస్తాడు, బావమరిదిని కనుక నేను మిషను మీద కుడతాను. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా మా ఇద్దరికీ మాటల యుద్ధమే. "ఇది కుట్టా, కోడి నడిచిన దారా?" అని ఆయన. "నీ పొట్ట కొలవాలంటే ఈ టేపు చాలదు బావా" అని నేను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి నోరు కట్టేసుకుంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం గాని, అంతకు మించి ఎవరికీ తట్టలేదు.

ముందు కొట్టు, వెనక ఇల్లు, మేడ మీద గదుల్లో కూతురూ అల్లుడూ. వాళ్లకి ఒక పాప. పాకడం వచ్చాక దాని మకాం కటింగ్ బల్ల కిందే. రాలిన పీలికలు పోగుచేసి నోట్లో పెట్టుకునేది. బావ ఒక పక్క కత్తెర ఆడిస్తూనే కాలి బొటనవేలితో దానికి గిలిగింతలు పెట్టేవాడు.

ఒక మధ్యాహ్నం కోటు గుడ్డ కత్తిరిస్తూ సగంలో ఆగిపోయాడు. పాప బల్ల కోడు పట్టుకుని లేచి నిలబడి, ఆయన మొహంలోకి చూసి నవ్వుతోంది. ఆయన కత్తెర కింద పెట్టి, రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. కోటు తాలూకు పెద్దమనిషి ఎదురుగా స్టూలు మీదే ఉన్నాడు. "టీకి వెళ్లాడు లెండి, వచ్చేస్తాడు" అని నేను సర్దిచెప్పాను. దీపాలు పెట్టే వేళకి గాని ఆయన రాలేదు.

అప్పుడేం జరిగిందో ఆయన నాతో చెప్పింది చాలా రోజుల తరవాత. పాప మెడ కనపడింది, చేతిలో కత్తెర కనపడింది, రెండూ కలిసి ఒక బొమ్మ కళ్ల ముందు ఆడింది. రెప్పపాటు, అంతే. ఇంకొకడైతే ఛీ అని తల విదిలించి పనిలో పడేవాడు. ఈయన వదల్లేకపోయాడు. ఇలాంటిది నాకెందుకు వచ్చింది, లోపల ఏదో ఉంటేనే కదా వస్తుంది అని తవ్వుకోవడం మొదలుపెట్టాడు. తవ్వినకొద్దీ వచ్చింది. అన్నం కలుపుతుంటే వచ్చింది, పాప నవ్వు వినపడితే వచ్చింది, నిద్రపోదామని కళ్లు మూస్తే వచ్చింది.

మాకు కనపడింది మాత్రం వేరు. పాప కొట్టులోకి రాగానే కత్తెర సొరుగులో వేసి తాళం పెట్టేవాడు. "పిల్లని లోపలికి తీసుకుపో" అని మా అక్క మీద అరిచేవాడు. మళ్లీ కాసేపటికి తనే లోపలికి తొంగిచూసి, "పాప బానే ఉందా?" అని అడిగేవాడు. బానే ఉందంటే వెళ్లి, తిరిగొచ్చి అదే అడిగేవాడు. మా అక్కకి విసుగొచ్చి, "ఉంది, చెక్కుచెదరకుండా ఉంది, తూకం వేసి చూపించమంటావా?" అంది ఒకసారి. ఆయన నవ్వలేదు.

కత్తిరింపు నా నెత్తిన పడింది. నాకు కత్తిరించడం రాదు, ఆ మాట దాచుకునే అలవాటూ లేదు. "నువ్వే చెయ్యి, నా చేతులు వణుకుతున్నాయి" అన్నాడు. ఆ కోటుకి ఒక చెయ్యి మణికట్టు దాకా వచ్చింది, రెండోది మోచెయ్యి దాటి ఆగిపోయింది. పెద్దమనిషి అది తొడుక్కుని అద్దంలో చూసుకుని, "మాస్టారేరీ?" అన్నాడు పాపం, ఏడవలేక. మాస్టారు లోపల గదిలో గోడకి తిరిగి పడుకుని ఉన్నాడు. అసలే నాకు ముక్కు మీద కోపం. ఆ రోజు నోటికొచ్చినన్ని తిట్టాను. అన్నీ విని, "నన్ను ఎక్కడికైనా పంపించెయ్యరా" అన్నాడు.

ఒక ఆదివారం అందరం భోజనాలకి కూర్చున్నాం. పాప పాకుతూ వెళ్లి తాత ఒళ్లోకి ఎక్కబోయింది. ఆయన చివాల్న లేచాడు, పళ్లెం దొర్లిపోయింది. అల్లుడికి చిర్రెత్తుకొచ్చింది.

"మా పిల్లని చూస్తే మీకంత చిరాకేంటండీ? మేం మేడ మీద ఉండడం ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పండి."

బావ గోడకి చేరబడి, ఎంగిలి చేత్తోనే మొహం కప్పుకున్నాడు. ఏడుస్తూ అనేశాడు. "చిరాకు కాదు బాబూ. నేను... పాపని చంపాలనుకున్నాను."

ఆ మాట, అదే మాట. జీవితమంతా గుడ్డని అంగుళం తేడా రాకుండా కత్తిరించినవాడు మాట దగ్గర తప్పు కోత కోశాడు. చంపాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. చంపేస్తానేమోనని అనిపించింది, అంతే. ఆ తేడా చెప్పడం ఆయనకి చేతకాలేదు, వినేవాళ్లకి తట్టలేదు. మా అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూతురు పాపని తీసి మొగుడి చేతుల్లో పెట్టేసింది. ఆ వారం తిరక్కముందే అల్లుడు ఊరి అవతల ఒక వాటా అద్దెకి తీసుకుని సామాను దించాడు. వెళ్తూ, "మీరు మా గడప తొక్కనని మాటివ్వండి" అన్నాడు. బావ ఇచ్చాడు. అడిగినందుకు సంతోషించినట్టే ఇచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

బావని ఆస్పత్రికి నేనే లాక్కెళ్లాను. డాక్టరమ్మ నా కూతురంత ఉంటుంది. బావ తలవంచుకుని ఆ మాటే మళ్లీ అన్నాడు. ఆవిడ రాసేది ఆపి అడిగింది.

"చంపాలని అనుకున్నారా, చంపేస్తానేమోనని అనిపించిందా?"

ఆయనకి అర్థం కాలేదు.

"పెద్దాయనా, మీరు పిలిస్తే వచ్చిందా, పిలవకుండా వచ్చిందా?"

"పిలవకుండానే వచ్చిందమ్మా. పొమ్మన్నా పోవట్లేదు."

"అయితే అది మీ కోరిక కాదు, మీ భయం. ఇలాంటివి చాలామందికి వస్తాయి, ఎవరూ పైకి చెప్పరు, అంతే. మీకు అది జబ్బుగా ముదిరింది. మందుంది. కత్తెర దాచకండి, పాప నుంచి పారిపోకండి. పారిపోయినకొద్దీ అది వెంటపడుతుంది."

బయటికొచ్చాక బావ మెట్ల మీద కూలబడి చాలాసేపు ఏడ్చాడు. అది మంచి ఏడుపే. కానీ మాత్రలు వేసుకోగానే తేలికైపోయిందని చెబితే అబద్ధం. వారాలు పట్టింది. మళ్లీ కత్తెర పట్టాడు, సగం పనే చేసేవాడు. పారిపోవద్దని డాక్టరమ్మ చెప్పిన పాప అక్కడ లేదు.

అల్లుడికి చెప్పడానికి నేనే వెళ్లాను. అంతా విన్నాడు. చెడ్డవాడేం కాదు. చివరికి, "నా చోట మీరుంటే తీసుకొస్తారా?" అన్నాడు. కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. చిక్కి సగమైపోయింది. పాలిచ్చే పిల్ల కదా అనుకుని వచ్చేశాను.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి కొట్టుకి వచ్చింది. పాప లేదు. బావ చూపు ఆమె చేతుల మీదికి, వెనక వీధి మీదికి వెళ్లి తిరిగొచ్చింది. "పాపని పక్కింటావిడ దగ్గర ఉంచాను నాన్నా" అంది. నేను లేవబోతే, "ఉండు మామయ్యా" అంది.

"ఇన్నాళ్లూ నీ మీద భయంతో రాలేదనుకున్నావా?"

"భయపడటం సబబేగా తల్లీ."

"నీ మీద కాదు. పాపకి నీళ్లు పోసేటప్పుడు నా చేతులు..." అని ఆగింది. "తలని నీళ్లలోకి అదిమేస్తున్నట్టు కనపడుతుంది నాన్నా. పుట్టినప్పటి నుంచీ ఉంది. మేడ మీదుండగా అమ్మ చేత పోయించేదాన్ని. ఇప్పుడు ఆయన పనికి పోతే పొద్దస్తమానం నేనూ అదీనే. నాలుగు రోజులైంది ఒళ్లు కడిగి."

"నాతో చెప్పలేదేమ్మా?"

"ఎలా చెప్పను? నువ్వు నోరు విప్పినందుకు మేమంతా నిన్నేం చేశామో చూశాను కదా."

పాపని ప్రమాదం నుంచి తప్పించామనుకుని, దాని తల్లిని తీసుకెళ్లి ఒంటరిగా ఆ భయం నోట్లోనే పెట్టాం. బావ మొహం చూడలేకపోయాను. తన రక్తంలోదే కూతురికి అంటిందని ఆయన అనుకుంటున్నాడని నాకు తెలుసు, అడగక్కర్లేదు.

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. "డాక్టరమ్మ దగ్గరికి రేపు పోదాం. ముందు మీ ఇంటికి పద."

"ఆయనకి మాటిచ్చావు నాన్నా."

"ఇచ్చాను. తప్పుతాను. తిడితే తిట్టనీ." కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "నాకూ భయమేనమ్మా, ఇప్పుడు కూడా. పాపని నేను పట్టుకుంటాను, నువ్వు నీళ్లు పొయ్యి."