రేణిగుంటలో వదిలేసిన బిడ్డ

శుక్రవారం పొద్దుగూకకముందే మా అమ్మ రెండు దీపాలు వెలిగిస్తుంది. చిత్తూరులో మా వీధివీధంతా శుక్రవారం దీపం పెట్టేదే కనుక ఎవరికీ అది తేడాగా కనిపించలేదు. వింతల్లా ఒకటే. వెలిగించాక రెండు అరచేతులతో కళ్ళు మూసుకుంటుంది. "దేవుణ్ణి సూసి మొక్కుతారు గానీ, దాక్కుంటారా?" అని నేను ఎగతాళి చేస్తే, "పోమే, నాకు ముందునించీ అంతే" అనేది.

అమ్మను పెంచింది మా అవ్వ, కన్నది కాదు. అవ్వ రేణిగుంటలో ఒక రైల్వే ఉద్యోగి ఇంట్లో పనిచేసేటప్పుడు, ఆ ఇంటివాళ్ళు నాలుగేళ్ళ బిడ్డను ఆమె చేతికిచ్చి ఓడెక్కి వెళ్ళిపోయారట. వాళ్ళెవరంటే, తను పోయేదాకా తెలియదనే అంది. బిడ్డను బంగారుపాళ్యం తెచ్చుకుని, మామిడితోపుల్లో కూలి చేసి పెంచింది. అమ్మకు మాత్రం ఆ మంట ఆరలేదు. "కన్నబిడ్డను పారేసి ఎట్ట పోయిందో ఆ మహాతల్లి!" మా ఇంట్లో పెళ్ళి జరిగినా, పురుడొచ్చినా ఆ తిట్టు తప్పేది కాదు.

పోయిన ఏడు ఊరికే చూసొద్దామని కొచ్చి వెళ్ళాను. అక్కడ యూదుల పాత ప్రార్థనామందిరం గోడకు ఒక ఫోటో ఉంది. అందులో రెండు దీపాల ముందు ఒకామె అరచేతులతో కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. శుక్రవారం సాయంత్రం తమ ఇళ్ళలో ఆడవాళ్ళు ఇలాగే చేస్తారని అక్కడున్న పెద్దాయన చెప్పాడు. నా కథ విని, ఇజ్రాయెల్‌కు వెళ్ళిపోయిన తనవాళ్ళందరినీ ఆయనే విచారించాడు. రేణిగుంటలో రైల్వే ఉద్యోగం చేసిన కుటుంబం దొరికింది. ఆ ఇంటి పెద్దకూతురు ఇంకా బతికే ఉంది. మా అమ్మకు అక్క!

వీడియో కాల్‌లో ఇద్దరు ముసలమ్మలు ఒకరినొకరు చూసుకున్నారు. అదే ముక్కు, అదే గడ్డం. పెద్దమ్మది మలయాళం. ఆమె కూతురు ఇంగ్లీషులో చెబితే నేను అమ్మకు తెలుగులో చెప్పాలి. అమ్మ పలకరింపు కూడా లేకుండా అడిగేసింది: "నన్నెందుకు ఇడిసిపెట్టినారో అడుగు."

పెద్దమ్మ చెప్పింది. బిడ్డకు తట్టు పోసింది, ఓడ ఎక్కనివ్వలేదు. నయమయ్యాక చుట్టాలొకరు వచ్చి తీసుకెళతారని అవ్వ దగ్గర ఉంచారు. ఆ చుట్టం వచ్చినప్పుడు అవ్వ తోపులో ఒక మట్టిదిబ్బ చూపించి, బిడ్డ చచ్చిపోయిందంది. ఆ తల్లి నేను పుట్టాక కూడా చాలా ఏళ్ళు బతికింది. ఏటా ఆ చావుకబురు అందిన రోజున బిడ్డ పేరున దీపం పెట్టి, అన్నం ముట్టేది కాదట.

నన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పిన అవ్వ! ఎలా చెప్పను? ఏదో ఒక అబద్ధం చెప్పేసి గండం గట్టెక్కుదామనుకున్నాను. అమ్మ నా మొహం చూసి, "మింగబాకమే. ఉండేది ఉన్నట్టు సెప్పు" అంది. చెప్పాను.

అమ్మ అవ్వను తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. "ఆ యమ్మకు బిడ్డల్లేరు కదమే" అంది మెల్లగా. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెక్కుతూ అంది:

"మాయమ్మ ఆడ నాకోసరం కూడు మానుకోనుంటే, ఈడ నేను దాన్ని తిడతానే ఉంటిని. ఇప్పుడు యాడికి పోయి సెప్పుకునేది, తప్పైపోయింది మా అని?"