అత్త విత్తనం దుడ్లు

పోయిన వారం మా గుంతకల్లు పింఛనుదార్ల సంఘంవాళ్ళు రమ్మంటే పోయి కూర్చున్నాను. బ్యాంకు నుంచి వచ్చిన ఒక కుర్రాడు తెరమీద రంగురంగుల గీతలు చూపిస్తూ, డబ్బు మీద డబ్బు ఎలా పెరుగుతుందో, ఏ పథకంలో పన్ను పడదో, ఏ వయసువాళ్ళు ఎందులో దాచుకోవాలో గంటసేపు చెప్పాడు. పాపం, బాగానే చెప్పాడు. ఫ్యాన్ల కింద సగంమంది కునుకు తీశారు, మిగతా సగం టిఫిను ఎప్పుడు వస్తుందా అని తలుపు వైపు చూశారు. చివర్లో ఏమైనా అడగమంటే, రిటైరైన డ్రైవరు ఒకాయన లేచి, ఇదంతా సరే గానీ మేం పోయినాక పిల్లలు ఏ కాగితం తెస్తే మీరు తిప్పకుండా డబ్బిస్తారో అది చెప్పమన్నాడు. కుర్రాడు బిక్కమొహం వేశాడు. అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ కుర్రాడు చేస్తున్న పని నేను ఇరవై ఏళ్ళు చేశాను. ఇంటికొచ్చి మంచం మీద వాలితే, చేసిన పనంతా ఎవరి కోసం చేశానా అనిపించింది, మా మేనత్త గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో నేను పోస్టాఫీసు పొదుపు ఏజెంటుగా చేరాను. మా ఆయన బడిపంతులు, ఆయన జీతం నెల సగం దాటేసరికే నీరసపడేది, కాబట్టి గొడుగూ సంచీ పట్టుకుని రైల్వే క్వార్టర్ల వెంట తిరిగాను. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఫిబ్రవరి దాటిందంటే చాలు, జీతగాళ్ళంతా పన్ను తగ్గించుకునే సర్టిఫికెట్ల కోసం ఉరుకులు పెట్టేవాళ్ళు. ఏడాదంతా నన్ను చూసి తల తిప్పుకున్న గుమాస్తాలు కూడా మార్చి నెలలో అక్కా అక్కా అంటూ మా వాకిట్లో చెప్పులు విడిచేవాళ్ళు. గడువెంతో, వడ్డీ ఎంతో ఒక్కరూ అడగరు, ఆ ఏటికి పన్ను తప్పితే చాలు. పల్లెల నుంచి వచ్చి రైలు పట్టాల గ్యాంగుల్లో పనిచేసేవాళ్ళ సంగతి ఇంకో రకం. వాళ్ళకు తెలిసిన పన్నులేని ఆస్తి పూర్వపు ఇనాం భూమి ఒక్కటే, అందువల్ల పన్ను లేదంటే ఇది సర్కారు దయతలచి ఇచ్చిందనీ, కోపమొస్తే వెనక్కి లాక్కుంటుందనీ భయపడేవాళ్ళు. నేను విడమరిచి చెప్పేదాన్ని, వాళ్ళు తలూపేవాళ్ళు, మళ్ళీ నెల పోతే మొదటికొచ్చేవాళ్ళు.

అందరిలోకీ నన్ను ఎక్కువ విసిగించింది మా అత్తే. నాయనకు అక్క ఆమె. మా అమ్మ తొందరగా పోతే, తమ్ముడు నాయన దగ్గరే ఉండిపోయాడు, నన్ను పిల్లల్లేని అత్త గుంతకల్లుకు తెచ్చుకుని సాకింది. మామ గూడ్సు బండి గార్డు, రిటైరై ఏడాది తిరగకుండానే కన్నుమూశాడు. ఆయన సెటిల్మెంటు డబ్బు చేతికొచ్చిందని తెలియగానే, గుత్తి పక్కనున్న మా ఊరి నుంచి బంధువులు ఒక్కొక్కరే దిగారు. ఒకరు బోరు వేద్దామన్నారు, ఇంకొకరు రెట్టింపు వడ్డీ ఇస్తానంటున్న ఏదో ఫైనాన్సులో పెట్టమన్నారు. అత్త అందరికీ అన్నం పెట్టి పంపింది, డబ్బు మాత్రం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఆ ఫైనాన్సు మరుసటి ఏడే తలుపులు మూసినప్పుడు, మా అత్తంత తెలివిగల మనిషి ఈ జిల్లాలో లేదని నేను చెప్పని ఇల్లు లేదు.

నేను ఆ డబ్బును నెలనెలా వడ్డీ వచ్చే పథకంలో వేయించాను. తిండికి ఆమె పింఛను సరిపోతుంది, ఈ వడ్డీ మందులకూ మంచి చీరకూ ఉంటుందని నా లెక్క. ఆమె ఆదాయానికి పన్ను మాట లేనే లేదని చెబితే అనుమానంగా చూసి, ఏ లాభమూ లేకుండా సర్కారు మనకెందుకు వడ్డీ ఇస్తుందని అడిగింది. ఆ అడగడంలో తప్పు లేదు, ఇప్పటికీ నేను సరైన జవాబు చెప్పానని అనుకోను. తప్పంతా ఆ తర్వాత వచ్చింది. అత్త ఒక్క నెల కూడా ఆ వడ్డీ తీయలేదు. తీయకుండా ఉంచితే లోపల పెరుగుతుందని ఆమె నమ్మకం. ఈ పథకంలో తీయని వడ్డీకి మళ్ళీ వడ్డీ రాదు, అది ఊరికే పడుంటుంది అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. పోనీ దాన్ని ఇంకో ఖాతాలోకి మార్చుకుందాం, అక్కడ పెరుగుతుందంటే, ఒక మూటలోది ఇంకో మూటలో పోస్తే కలగాపులగమవుతుందని ఒప్పుకోలేదు.

ఆ మూట మాట ఎక్కడిదో నాకు తెలుసు. సెలవులకు అత్తా నేనూ మా ఊరికి పోయినప్పుడు, నాయన ఇంట్లో వెనక గదినిండా విత్తనం శెనక్కాయల మూటలు ఉండేవి. వచ్చే వానకు విత్తాల్సిన కాయలవి. ఇంట్లో జొన్నలు అయిపోయినా, చుట్టాలొచ్చినా, పండగొచ్చినా ఆ మూట విప్పకూడదు. ఒకసారి నేను గోనెకు చిల్లు పెట్టి గుప్పెడు కాయలు తీసుకుంటే, ఎప్పుడూ నా మీద చెయ్యెత్తని అత్త వీపు మీద ఒక్కటి వేసి, ఆ కాయలను లెక్కపెట్టి మరీ మూటలో పోసింది. మెట్ట సేద్యం చేసే ఇళ్ళన్నిటా ఇదే కట్టు. తినేది వేరు, విత్తేది వేరు. పోస్టాఫీసులో ఉన్న డబ్బును అత్త ఆ వెనక గదిలోనే పెట్టుకుంది, నేను కౌంటరు దగ్గర నిలబడి వడ్డీ రేట్లు చదివాను. మా ఇద్దరి మాటలూ ఎలా కలుస్తాయి?

రెండువేల సంవత్సరం దాటాక అత్త కళ్ళలో శుక్లాలు వచ్చాయి. ఎడమది బాగా ముదిరిందనీ, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషను చేసినా చూపు రాదనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఖర్చుకు వెతుక్కోనక్కర్లేదు, పేరుకున్న వడ్డీ చాలు, అసలు కదపనే అక్కర్లేదు. నేను తేదీ కూడా అడిగి వచ్చాను. అత్త రానంది. మా ఆయన ఎక్కడైనా చేబదులు తెస్తానన్నా ససేమిరా అంది, అల్లుడి చేత అప్పు చేయిస్తానా అని. నేను బతిమాలాను, అరిచాను, అన్నం మానేశాను. ఆమె నా తల నిమిరి ఒక్కటే మాట అంది.

"కన్ను కోసరం ఇత్తనం తింటామా పాపా? ఇంకో కన్ను ఉండాది కదా."

అవి వరుస కరువు ఏళ్ళు. నాయన చేను రెండేళ్ళు పంటివ్వలేదు, రెండో ఏడు పశువుల మేతకు కూడా రాలేదు. విత్తనానికి కాయలు మిగలకపోవడం మా ఇంట్లో అదే మొదలు. ఆ మరుసటి ఏడు వాన చాలా ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చిన వాన నేలకు విత్తేంత తడి, మంచి పదునిచ్చింది. సబ్సిడీ కాయల కోసం నాయన గుత్తిలో ఎండలో వరుసలో నిలబడి నిలబడి ఒక్క మూటతో తిరిగొచ్చాడు. బయట కొనడానికి చేతిలో ఏమీ లేదు. ఆయన అక్కను అడగలేదు, ఆ మాట చెప్పకపోతే పాపం. పదును ఆరిపోతోందని ఎవరో ఊరి నుంచి వచ్చినవాళ్ళు చెబితే అత్త విని, పొద్దున్నే తలకు నూనె రాసుకుని, నన్ను పోస్టాఫీసుకు పద అంది.

గడువుకు ముందే తీస్తే కోత పడుతుందన్నాను. పడనీ అంది. కన్ను సంగతేమిటన్నాను. చెప్పులు తొడుక్కుని వాకిలి దాటింది. అసలూ, ఇన్నేళ్ళు కదలని వడ్డీ కలిపి ఒకేసారి చేతిలో పెడితే, ఆ కట్టలను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, చూడు ఎంత పెరిగిందో అని మురిసింది. అది పెరిగింది కాదు, పేరుకున్నది మాత్రమే అని చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేకపోయింది. సాయంత్రానికల్లా ఆ డబ్బంతా శెనక్కాయ మూటలై మా ఊరు చేరింది.

మొలకలు వచ్చాక చూపించమని అడిగితే తీసుకుపోయాను. చేను పచ్చగా, సాళ్ళు సాళ్ళుగా ఉంది. గట్టు మీద నిలబడి చాలాసేపు అటే చూసింది. కుడి కన్ను కూడా మసకబారి ఏమీ కనపడటం లేదని నాకు అర్థమైంది. తర్వాత మెల్లగా సాలు మధ్య కూర్చుని, అరచేతిని ఆకుల మీద ఆనించి, ఒక్కో మొక్కనూ తడుముకుంటూ ముందుకు జరిగింది. నాయన పక్కకు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి.

ఆ తర్వాత వాన లేదు. మబ్బులు వచ్చేవి, బళ్ళారి వైపు పోయేవి. పూత దశలోనే చేను మాడిపోయింది. అప్పటికి ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి మేం ఎలాగో కూడబెట్టి ఆపరేషను చేయించాం, ఈసారి అడ్డు చెప్పలేదు, ఎందుకంటే కాపాడుకోవాల్సిన మూటేదీ ఇక ఆమెకు మిగల్లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నేను ఉండబట్టలేక అనేశాను.

"ఆ దుడ్లు అప్పుడే కంటికి పెట్టింటే రెండు కండ్లూ నిలిచేటివి కదత్తా."

ఆమెకు కోపం రాలేదు. పచ్చటి అద్దాల వెనక నుంచి నన్ను చూస్తూ, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"చేను పదునై ఉంటే, ఇత్తనం ఇంట్లో పెట్టుకోని కూసునేది యాడన్నా ఉండాదా? వాన వచ్చేది నా చేతిలో లేదు పాపా. ఇత్తేది నా చేతిలో ఉన్నింది, ఇత్తినా."

ఆ తర్వాత కూడా ఆమె కొన్నేళ్ళు బతికింది. నేను కూడా పని మానలేదు, అదే సంచి, అవే క్వార్టర్లు. కానీ డబ్బు దాచుకోండమ్మా, భద్రంగా ఉంటుంది అని చెప్పేటప్పుడు వెనకటి బలం నా గొంతులో ఉండేది కాదు.

ఇప్పుడు నాయనా లేడు, అత్తా లేదు. అనంతపురంలో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఆ చేను సోలారు పలకలకు లీజుకిచ్చాడు. నెలనెలా బాడుగ తప్పకుండా ఖాతాలో పడుతుంది. నా లెక్క ప్రకారం ఇదే సరైన పని, వానతో సంబంధం లేని రాబడి చూసుకోమని ఇరవై ఏళ్ళు ఊరందరికీ చెప్పింది నేనే. వెనక గది కూల్చేశారు. పిల్లలు వేయించిన శెనక్కాయలు పొట్లాల్లో కొనుక్కుని తింటారు, ఎవరూ వీపు మీద కొట్టరు. అందరికీ అన్నీ తెలిశాయి, నష్టపోయేవాళ్ళు తగ్గారు, సంతోషించాల్సిందే.

ఈ జూన్‌లో ఒక రాత్రంతా మంచి వాన పడింది. పొద్దున్నే తమ్ముడికి ఫోను చేసి, చేను పదునై ఉంటుందిరా అన్నాను. అవునక్కా, ఇక్కడ కూడా బాగా చల్లబడింది అన్నాడు. ఆ రోజు మా ఇంటివాళ్ళెవరూ చేను దగ్గరికి పోలేదు.